లీకు పైపులు, ముట్టుకోవద్దు

వీధిలో అందరూ ఆయన్ని వాషర్ అనే పిలిచేవారు. ఎవరింట్లో కుళాయి కారినా, గీజరు గురగురమన్నా, సింకు కింద మడుగు కట్టినా ఆయన వచ్చి, వంగి, ఒక్క చూపు చూసి "వాషరు పోయింది" అనేవాడు. చాలాసార్లు నిజంగా వాషరే పోయి ఉండేది. ఎప్పుడైనా అది కాకపోతే "గోడ పగలగొట్టాలి" అనేవాడు. రెండు మాటలూ ఒకే మొహంతో, ఒకే గొంతుతో. ఆ మొహం చూసి నవ్వాలో ఏడవాలో తెలియక ఇంటివాళ్ళు టీ పెట్టడానికి లోపలికి పోయేవారు.

మనిషి పుట్టిన దగ్గర్నుంచీ అంతే. పెళ్ళి ఫొటోలో కూడా గోడకు పైపు కొలత తీసుకుంటున్నవాడిలా నిలబడి ఉంటాడు. పక్కన భార్య మాత్రం పొట్ట పట్టుకుని నవ్వుతూ ఉంటుంది. ఫొటో తీసే ముందు ఆయన చెవిలో ఏదో అన్నాడని చెప్పేది కానీ, ఏమన్నాడో ఎవరికీ చెప్పేది కాదు.

అలాంటి మనిషికి ఏడాదికొక పొద్దున నాటకం ఆడే పని పడేది. క్రిస్మస్ పొద్దున ఆయన చూసి వచ్చేదాకా ముందు గదిలోకి ఎవరూ అడుగు పెట్టకూడదని ఆ ఇంటి కట్టుబాటు. తలుపు బయట పిల్లలు చిన్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళు వెనక వరుసగా నిలబడాలి. ఆయన కళ్ళజోడు లేకుండా ఒక్కడే లోపలికి పోయి తలుపు వేసుకునేవాడు. బయట పిల్లల ఓపిక తెగిపోయే సమయానికి తిరిగి వచ్చి, "ఈ ఏడు ఏమీ రాలేదు. వెళ్ళి పడుకోండి" అనేవాడు. వరుసలో అందరికన్నా వెనక, తడి చేతులు తుడుచుకుంటూ నిలబడ్డ భార్య, "కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూడండి" అనేది. ఆయన జేబులు తడుముకుని, కళ్ళజోడు పెట్టుకుని, మళ్ళీ లోపలికి పోయి వచ్చి, "వచ్చింది" అనేవాడు. ఆ తర్వాత తలుపుకు అడ్డంగా నిలబడటం ఆయన ఆరోగ్యానికి మంచిది కాదు.

కూతురు ఆ వరుసలోనే పెరిగింది. పెళ్ళయ్యాక మొగుణ్ణీ ఇద్దరు ఆడపిల్లల్నీ తీసుకొచ్చి అదే వరుసలో నిలబెట్టింది. ఇన్నేళ్ళలో ఆ మూడు మాటల్లో ఒక్క అక్షరం మారలేదు. ఒక ఏడు ఆయనకు జ్వరమొస్తే దుప్పటి కప్పుకుని వచ్చి మరీ అబద్ధమాడి వెళ్ళి పడుకున్నాడు.

బహుమతులు కొనడం, దాచడం మాత్రం పూర్తిగా భార్య పని. సామాన్ల కొట్లో ఒక రేకుపెట్టె ఉండేది. దాని మూత మీద ఆవిడ నల్లరంగుతో "లీకు పైపులు, ముట్టుకోవద్దు" అని రాసి పెట్టింది. ప్లంబరు పిల్లలకు ప్రపంచంలో అంతకన్నా విసుగు పుట్టించే వస్తువు లేదు. పెట్టె మీద ఎవరి పేరూ ఉండకూడదని కూడా ఆవిడే నియమం పెట్టింది. చదవడం వచ్చిన పిల్లలు ముందు వెతికేది తమ పేర్లే కదా. ఇల్లంతా గాలించిన కూతురు ఏ ఏడూ ఆ పెట్టె మూత ఎత్తలేదు.

ఈ ఏడు వేసవి మొదట్లో ఆవిడ పోయింది. ఆ తర్వాత ఆయన పనికి వెళ్ళడం మానలేదు. వాషర్లు పోతూనే ఉన్నాయి, ఆయన మారుస్తూనే ఉన్నాడు. డిసెంబరు దగ్గర పడుతుంటే కూతురు ఒక రోజు వచ్చి, ఈసారి పండక్కి అందరం క్రూయిజు ఓడ మీద పోదామంది. ఆ గదిలో, ఆ తలుపు ముందు అమ్మ లేకుండా నిలబడటం తన వల్ల కాదని చెప్పలేదు. సముద్రపు గాలి మంచిదట అంది. ఆయన ససేమిరా అన్నాడు. చివరికి ఒక్క షరతు మీద దిగొచ్చాడు. ఎక్కడున్నా పొద్దున మాత్రం మన పద్ధతిలోనే జరగాలి. పెట్టె సంగతి ఎవరు చూస్తారని కూతురు అడిగితే, తాను చూస్తానన్నాడు.

ఆ మాట అన్నాక గానీ తాను జన్మలో బహుమతి కొనలేదన్న సంగతి గుర్తు రాలేదు. దుకాణాల చుట్టూ తిరిగాడు. చిన్న మనవరాలికి చక్రాల బూట్లు, పెద్దదానికి రంగుల పెట్టె, అల్లుడికి గొడుగు, కూతురికి శాలువా తీసుకున్నాడు. ఊగే ఓడ మీద చక్రాల బూట్లెందుకని దుకాణంలో అమ్మాయి అడిగితే ఊగకపోతే మజా ఏముందన్నాడు. ఇంటికొచ్చి అన్నిటికీ కాగితాలు చుట్టి, వాటి మీద పైపు మరలకు చుట్టే తెల్ల టేపు చుట్టాడు. ఎలా ఉన్నాయన్నది వేరే మాట, లోపలికి చుక్క నీరు పోదు.

ఓడరేవులో సామాను ఇచ్చేసే చోట అల్లుడు అందరికీ పేర్ల చీటీలు పంచాడు. అల్లుడు కారు నడపడం నేర్పే మాస్టారు. ఎవరు తొందరపడ్డా అతని కుడికాలు తనంతట తానే బ్రేకు తొక్కుతుంది. ఆ రోజు చాలాసార్లు తొక్కాడు. వాషర్ తన చీటీ తీసుకుని, రేకుపెట్టె దగ్గరికెళ్ళి, అతికించకుండా చీటీని జేబులో వేసుకున్నాడు. బహుమతుల పెట్టె మీద పేరు ఉండకూడదన్నది ఒక కారణం. రెండోది ఎవరికీ చెప్పలేదు. పెట్టె చుట్టూ రేకు మడతలు తిరిగి ఉంటాయి, చీటీ అంటుకునేంత చదునుగా ఉన్నది మూత ఒక్కటే, దాని నిండా ఆవిడ చేతిరాత ఉంది. దాన్ని కప్పేయడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

సాయంత్రానికి అందరి పెట్టెలూ ఎవరివి వాళ్ళ క్యాబిన్ తలుపు ముందుకు వచ్చాయి. రేకుపెట్టె రాలేదు. కూతురు కుటుంబానిది పెద్ద క్యాబిన్, ఎదురుగా ఈయనది ఇద్దరు పట్టే చిన్న క్యాబిన్. రెండో మంచం ఖాళీ. పెట్టె నీ దగ్గరే ఉందిగా అని కూతురు చూపుతోనే అడిగింది. ఆయన చూపుతోనే నీళ్ళు నమిలాడు.

మర్నాడు ఒంటరిగా సామాన్ల కౌంటరుకు వెళ్ళాడు. పెట్టె మీద పేరేమిటని గుమాస్తా అడిగాడు. పేరు లేదన్నాడు. మరేముందంటే, లీకు పైపులు అని ఉందన్నాడు. ఇక్కడికి ప్రయాణికుల సామాన్లే వస్తాయండీ, పైపులు రావు అని గుమాస్తా మర్యాదగా చెప్పాడు. లోపల పైపులు లేవని వాషర్ చెప్పాడు. లేనప్పుడు అలా ఎందుకు రాశారని గుమాస్తా అడిగాడు. ఇది చాలా పెద్ద కథ, వెనక వరుస బారుగా ఉంది. ఓడలో ఉన్న ఒక్క బొమ్మల దుకాణానికి పోతే, ఓడ రేవులో ఆగి ఉన్నంతసేపూ తెరవరట. పండగ అయ్యేదాకా ఓడ రేవులోనే ఆగి ఉంటుందట. రేవు ఊళ్ళో దుకాణాలూ పండక్కి మూసేశారట.

కూతురితో చెబితే సరిపోయేది. కానీ చెబితే అది ఏమంటుందో ఆయనకు తెలుసు. పోనీలే నాన్నా, ఈ ఏటికి వదిలేద్దాం అంటుంది. ఒక్క ఏడు వదిలేసిన పద్ధతి మళ్ళీ దొరకదని ఆయన భయం. ఆవిడ అన్నేళ్ళు నిలబెట్టిన పొద్దునను ఆవిడ పోయిన మొదటి ఏడే తన చేతుల మీదుగా పోగొట్టడం కన్నా సముద్రంలో దూకడం నయమనిపించింది. ఈత రాదు కూడా.

తెల్లవారింది. ఓడ నడవాలో చిన్న క్యాబిన్ తలుపు ముందు చిన్న మనవరాలు, దాని వెనక పెద్దది, దాని వెనక అల్లుడు, చివర్లో కూతురు నిలబడ్డారు. వాషర్ కళ్ళజోడు లేకుండా లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. లోపల రెండు మంచాలు, గుండ్రటి కిటికీ, దానిలో సముద్రం ఉన్నాయి. కాసేపు నిలబడి బయటికొచ్చాడు.

"ఈ ఏడు ఏమీ రాలేదు. వెళ్ళి పడుకోండి."

పిల్లలు కిసుక్కున నవ్వి వెనక్కి తిరిగి చూశారు. వెనక నుంచి మాట రాలేదు. నడవా చివర ఎవరో తలుపు తీసి మళ్ళీ వేసుకున్నారు. ఎవరూ అనకపోయేసరికి వాషర్ తనే మళ్ళీ లోపలికి పోయాడు. మళ్ళీ అవే రెండు మంచాలు, అదే సముద్రం. ఇప్పుడు బయటికెళ్ళి వచ్చిందనాలి. అన్నేళ్ళూ ఆయన ఆడింది నిమిషంలో తేలిపోయే అబద్ధం. ఇది అలాంటిది కాదు.

"నిజంగానే రాలేదు," అన్నాడు బయటికొచ్చి. "పెట్టె పోయింది. తప్పు నాదే."

పిల్లలు పగలబడి నవ్వారు. తాతయ్య ఈసారి బాగా చేస్తున్నాడని పెద్దది చిన్నదానికి చెప్పింది. ఆయన ఇంకోసారి చెప్పాడు. అల్లుడు కూడా నవ్వాడు. ఆ మొహం పెట్టుకుని నిజం చెప్పడం కుదరదని వాషర్‌కు అప్పుడు తెలిసింది.

కూతురు నవ్వలేదు. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. నొప్పి ఉండబోతున్నప్పుడు నొప్పి ఉండదని చెప్పే ఉద్యోగం. మొహం అచ్చం తండ్రిది. ఆయన చెయ్యి తలుపు పిడిని బిగించిన మరలాగా పట్టుకుని వదలకపోవడం చూసింది. "నాన్నకు చూపు ఆనడం లేదు, నేను చూసొస్తా" అని ఆయన్ని పక్కకు జరిపి లోపలికి పోయింది. లోపల బీరువా తెరిచిన చప్పుడు, దుప్పట్లు లాగిన చప్పుడు వినిపించాయి. చాలాసేపటికి తలుపు తీసి, "మీరే చూసుకోండి" అంది.

ఖాళీ మంచం మీద దుప్పట్లలో చుట్టిన మూటలున్నాయి. చిన్నదాని మూటలో ఓడవాళ్ళ లైఫ్ జాకెట్ ఉంది. పెద్దదాని మూటలోనూ లైఫ్ జాకెట్టే ఉంది. అల్లుడికి బట్టలు తగిలించుకునే కొయ్య హ్యాంగరు వచ్చింది. అతను చాలా బాగుందన్నాడు. పిల్లలు బిక్కమొహం వేసుకుని జాకెట్లను తిప్పి చూశారు. ఈలోగా చిన్నది తన జాకెట్‌కు ఈల ఉందని కనిపెట్టింది. అంతటితో పండగ గట్టెక్కింది. ఇద్దరూ జాకెట్లు తొడుక్కుని ఈలలు వేసుకుంటూ భోజనాల హాలు వైపు పరుగెత్తారు. అల్లుడు బ్రేకు తొక్కుకుంటూ వెనకాల పోయాడు.

తండ్రి చేతిలో కూతురు ఒక చిన్న మూట పెట్టింది. చేతి రుమాల్లో చుట్టి, బూటు తాడుతో కట్టింది. అందరికన్నా పెద్దవాళ్ళు చివర్న విప్పాలన్నది ఇంటి పద్ధతి కాబట్టి ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?" అంది కూతురు.

"ఎక్కిన రోజునుంచి."

"నాతో చెప్పొచ్చుగా."

"చెబితే వదిలేద్దాం అంటావు."

కూతురు కాదనలేదు. రుమాలు కోసం చూసింది, అది ఆయన జేబులో ఉంది. చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

భోజనాల హాల్లో ఈలోగా జరగాల్సింది జరిగిపోయింది. ఇద్దరు పిల్లలు లైఫ్ జాకెట్లు తొడుక్కుని ఈలలు వేస్తూ పరుగెత్తుకొస్తే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? చెంచాలు కింద పెట్టేశారు. ఒక ముసలి జంట వెళ్ళి తమ జాకెట్లు తొడుక్కుని వచ్చి కాఫీ తాగడం కొనసాగించింది. వాళ్ళను చూసి ఇంకొందరు లేచారు. ఓడ క్షేమంగానే ఉందని మైకులో చెప్పారు. దాంతో అప్పటిదాకా భయపడనివాళ్ళకు కూడా గుండె గుభేలుమంది.

తెల్ల యూనిఫాం వేసుకున్న ఒక ఆఫీసరు వీళ్ళ బల్ల దగ్గరికి వచ్చి, పిల్లలకు ఇవి ఎవరిచ్చారని అడిగాడు. క్రిస్మస్ బహుమతులని పెద్ద మనవరాలు చెప్పింది. వాషర్ లేచి నిలబడి మొత్తం కథ చెప్పాడు. ఆఫీసరు చాలాసేపు ఆయన మొహం చూసి, అబద్ధమాడే మనిషి కాదని తేల్చుకున్నాడు. పైపులని రాసి ఉంటే అది ఓడ ప్లంబరు గదికి పోయి ఉంటుందన్నాడు.

కాసేపటికి ఓడ ప్లంబరు స్వయంగా రేకుపెట్టె మోసుకుని చిన్న క్యాబిన్‌కు వచ్చాడు. నడుముకు పానా వేలాడుతోంది. ముట్టుకోవద్దని ఉంది కదా, అందుకే ముట్టుకోలేదన్నాడు. వాషర్ తలూపాడు. ఈ పనిలో ఉన్నవాళ్ళు ఒకరినొకరు ఎక్కువ ప్రశ్నలు వేసుకోరు.

పెట్టెను ఖాళీ మంచం మీద పెట్టారు. పిల్లలు ఎగబడబోయి ఆగారు. వాషర్ వంగి మూత వైపు చూశాడు. నల్లగా ఏదో అలుక్కుపోయినట్టు కనిపించింది తప్ప అక్షరాలు ఆనలేదు. పొద్దున్నుంచీ కళ్ళజోడు కనబడలేదని, స్నానాల గదిలో అద్దం దగ్గర పెట్టినట్టే గుర్తని అన్నాడు.

"నీది ఇంకా విప్పలేదు," అంది కూతురు.

ఆయన జేబులోంచి మూట తీసి, బూటు తాడు విప్పాడు. రుమాల్లో ఆయన కళ్ళజోడే ఉంది.

కూతురు తండ్రిని ఎప్పుడూ నువ్వనే పిలుస్తుంది. తలుపు దగ్గర, అందరికన్నా వెనక నిలబడి, ఇప్పుడు మాత్రం తల్లి అన్నట్టే అంది. "కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూడండి."

ఆయన పెట్టుకుని చూశాడు. ఆవిడ ఎప్పటిలాగే పెద్ద పెద్ద అక్షరాలతో మొదలుపెట్టింది. చివరికొచ్చేసరికి చోటు చాలక "వద్దు" మూత అంచు మీదికి ఇరుక్కుపోయింది. ఆ మూడు ముక్కలు చదవడానికి పట్టాల్సిన దానికన్నా ఎక్కువసేపే చదివాడు. పిల్లలు ఈలలు నోట్లోంచి తీసి ఎదురు చూస్తున్నారు. వాళ్ళవైపు తిరిగాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మొహం ఆయన మాట వినలేదు.

"వచ్చింది," అన్నాడు.