ఆ రోజు బిగించని నట్టు

పదకొండేళ్లుగా ఒక మాట మింగి తిరుగుతున్నాను. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెప్పడం తేలిక.

నాది ఇచ్చోడలో మెకానిక్ షెడ్డు. అప్పుడే కొత్తగా పెట్టాను. మా వాడకట్టులో ఒక కుటుంబం గుళ్లో కోడెను కట్టే మొక్కు చెల్లించడానికి వేములవాడ బయలుదేరింది. ముందురోజు వాళ్ల కారు సర్వీసు చేసింది నేనే. తెల్లారి అందరూ ఎక్కి కూర్చున్నాక కారు స్టార్ట్ కాలేదు. కబురందగానే ఉరికాను.

తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు. బానెట్ ఎత్తి బ్యాటరీ మీద చెయ్యి పెట్టగానే వైరు కొస కదిలింది. నేను బిగించడం మరిచిన నట్టు.

నోరు తెరిచేలోపే ఇంటి పెద్దావిడ తన కొత్త కోడలు సుజాత వైపు చూసింది.

"గీ పోరి కాలు పెట్టంగనే బండి ఆగింది. దిగుమను, చూద్దాం."

సుజాత దిగింది. నేను వంగి గప్‌చిప్‌గా నట్టు బిగించాను. కారు స్టార్టయింది.

"చూసినవా బిడ్డా?"

"అవునవ్వా," అన్నాను.

ఎందుకన్నాను? షెడ్డు పేరు పోతుందనా? భయమొక్కటేనా? మిగతావాళ్లు కారులో వెళ్లిపోతే వాకిట్లో మిగిలిపోయిన ఆ పిల్ల ముఖం చూశాను కదా. ఆ తర్వాత ఏ పెళ్లికైనా ఇంటిల్లిపాదీ కారులో పోతే ఆమె బస్సులో వెళ్లేది. వాడకట్టువాళ్లు కూడా ఆమె ఎదురొస్తే అపశకునమని బండి ఆపి కాసేపు నిలబడేవాళ్లు, నేను పానాలు సర్దుకుంటున్నట్టు తల దించుకునేవాడిని. సిగ్గులేని బతుకు.

మొన్న మధ్యాహ్నం అదే కారును ఆమె భర్త ఆయిల్ మార్చడానికి తెచ్చాడు. సుజాత అతనికి అన్నం టిఫిన్ డబ్బా తెచ్చి, కారుకు పది అడుగుల దూరంలో ఆగిపోయింది. ఇంక తట్టుకోలేకపోయాను. ఇద్దరి ముందూ మొత్తం చెప్పేశాను.

అతను తిట్టాడు. తిట్టాల్సిందే.

"నా కాలే మంచిది గాదని నేను గూడ నమ్మిన అన్నా," అంది సుజాత.

చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. క్షమించమని అడగలేదు. ఆమె కూడా ఆ మాట ఎత్తలేదు. కానీ పదకొండేళ్లలో మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాను, గుండె తేలికైంది.

ఆ నట్టుకు ఏ పానా అని ఆమె అడిగితే పది నంబర్‌ది ఇచ్చాను. బ్యాటరీ మీది నట్టు తనే వదులు చేసి, సీట్లో కూర్చుని తాళం తిప్పింది. టక్. దిగి, బిగించి, మళ్లీ కూర్చుంది. కారు స్టార్టయింది. ఆపింది. మళ్లీ స్టార్ట్ చేసింది. ఎన్నిసార్లు చేసిందో లెక్కపెట్టలేదు, నవ్వడం మాత్రం చూశాను.

ఇంటికి భర్త పక్కన ముందు సీట్లోనే పోయింది. పానా తిరిగివ్వలేదు.

"మా అత్తకు గూడ చూపియ్యాలె," అంది.