అమ్మ పొయ్యి వేరు

మా ఇంట్లో పొయ్యిలు రెండు. ఒకటి వంటింట్లో మా ఆవిడది. రెండోది పెరట్లో రేకుల పాక కింద మా అమ్మది. ఒకటో తారీఖున పెన్షన్ చేతికి రాగానే అమ్మ వీధిలోకొచ్చే చేపలావిణ్ణి ఆపుతుంది. కొల్లేటి కొరమేను దొరికిందంటే ఆ పూట నాకు గండమే. పులుసు మరిగే వాసన పెరటి కిటికీలోంచి నేరుగా నా మంచం మీదికొస్తుంది. వాసనకి ఏ రూలూ అడ్డం కాదు. తినడానికే నాకు అడ్డం.

నాన్న పోయాక అమ్మ కొల్లేటి గట్టు మీది మా ఊరు విడిచి, వట్లూరులో నా దగ్గరికి వచ్చేసింది. నేను తాడేపల్లిగూడెంలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాని. సాయంత్రం రైలు దిగి ఇంటికొచ్చేసరికి, గిన్నె అడుగున మిగిలిన అన్నంలో పులుసు పోసి కలిపి, అమ్మ గుమ్మంలో కూర్చునేది. "చేతులు కడుక్కున్నావా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే ముద్ద చేతిలో పెట్టేది. జుట్టు నెరిసినవాడికి ముద్దలేమిటని మా ఆవిడ నవ్వేది. నవ్వుతూనే తనూ చెయ్యి చాపేది.

అప్పటికి అమ్మకి పెన్షన్ లేదు. వయసుంది, భర్త లేడు, సెంటు భూమి లేదు. ఒంట్లో ఓపికున్నన్నాళ్ళూ దెందులూరు చేలల్లో ఊడ్పులకీ కోతలకీ వెళ్ళిన మనిషి. అయినా వట్లూరు సచివాలయంలో కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి, "మీ అబ్బాయిగారిది గవర్నమెంటు ఉద్యోగమండీ. ఇద్దరూ ఒకే కార్డులో ఉన్నారు. మీకు రాదండీ" అని మర్యాదగానే చెప్పింది.

ఇంటికొచ్చాక అమ్మ మొదలుపెట్టింది. "నడుం వంచింది నేను. ఉద్యోగం నీది. నీ ఉద్యోగం చూసి నా కష్టం చెల్లదంటే ఎలారా?"

"నీకేం లోటమ్మా? నేను లేనూ?"

"ఉన్నావు. ఉన్నావని ప్రతిదానికీ నీ మొహం చూడాలి. చర్చిలో కానుకల సంచి వస్తే అందులోనూ నువ్విచ్చిందే వేస్తున్నాను. అది నా కానుకా, నీ కానుకా? పోనీ, నీకైనా రేపు పెన్షనొస్తుందా?"

అక్కడ నేను దొరికిపోయాను. నేను ఉద్యోగంలో చేరేనాటికే పాత పద్ధతి పెన్షన్ తీసేశారు. ఒక పార్టీ అధికారంలోకి రాగానే తిరిగి ఇస్తామంది, వచ్చాక కుదరదంది. ఇంకో పార్టీ ఆలోచిస్తామంది, ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంది. అదంతా అమ్మకి ఒకసారి చెప్పినట్టున్నాను, మర్చిపోలేదు. "నీకు రేపు రాదు, నాకు ఇవాళ రాదు. మరి ఈ పెన్షన్లన్నీ ఎవరికిరా?" అంది.

ఎన్నికల గాలి మొదలయ్యేసరికి అమ్మకి మర్యాదలు పెరిగాయి. పొద్దున ఒక కండువా ఆయన వచ్చి, "పెన్షన్ మేం పెంచినట్టు ఇంకెవరు పెంచారమ్మా?" అన్నాడు. సాయంత్రం ఇంకో రంగు కండువా వచ్చి, "మేమొస్తే ఇంకా పెంచుతామండీ" అన్నాడు. సొంత ఇంట్లోంచి తెచ్చిస్తున్నట్టే ఉంటుంది ఇద్దరి వరసా.

"అసలు రానిదాన్ని ఎంత పెంచితే నాకేంటి బాబూ?" అంది అమ్మ ఇద్దరితోనూ. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని ఆవిడకి తెలియంది కాదు. పొద్దున వచ్చినాయన మాత్రం గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి కిటుకు చెప్పాడు. కార్డు విడగొట్టించుకుని, పొయ్యి వేరని రాయిస్తే చాలట, పెన్షన్ వస్తుందట. మా వీధిలో చాలామంది దారి అదే. అలా విడిపోయినవాళ్ళంతా ఒకే వంటింట్లో తింటూనే ఉన్నారు.

కార్డు విడగొట్టించాం. విడిగా వండుకు తింటున్నానన్న మాటకి అమ్మ మిషన్ మీద వేలు పెట్టింది. ఇంటికొచ్చి కొంగు బిగించి, "పెరట్లో నాలుగు రేకులు వేయించరా" అంది.

"అదంతా ఉత్తుత్తినేనమ్మా. అందరూ అలాగే రాయిస్తారు."

"అందరి సంగతీ నాకెందుకు? అబద్ధానికి వేలు పెట్టొచ్చి, ఆదివారం చర్చిలో ఏ మొహం పెట్టుకుని కూర్చోను?"

నాలుగు రోజులు పోతే విసుగొచ్చి మానేస్తుందనుకున్నాను. కన్నతల్లి సంగతి తెలిసీ అలా అనుకోవడం నా బుద్ధితక్కువ. మా ఆవిడ వంకాయ కూర గిన్నెలో పట్టుకెళితే, "ఏమీ అనుకోకమ్మా" అని మూతైనా తియ్యకుండా తిప్పి పంపింది. తన పులుసూ మాకు పెట్టదు. "ఇచ్చిపుచ్చుకుంటే ఇక వేరేముంది?" అంటుంది. పడుకోవడం మా ఇంట్లోనే, కబుర్లు మాతోనే. జ్వరమొస్తే కాళ్ళు పట్టనిస్తుంది, మందు వేసుకుంటుంది. గంజి మాత్రం తన పొయ్యి మీదే కాగాలి. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదని సర్కారుని తిట్టుకునేవాణ్ణి. ఆ సామెత తిరిగొచ్చి నా పెరట్లోనే కూర్చుంది.

పెన్షన్ మొదలయ్యాక, కానుకల సంచిలో తన డబ్బు వేసొచ్చిన ఆదివారాలు అమ్మ మొహం చూడాలి. ఆ వెలుగు చూస్తే నాకూ సంతోషమే. అయినా ముద్ద కోసం బెంగ పెట్టుకున్నాను. రైలు దిగి ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, తడి చేతులతో ఊరికే నిలబడేవాణ్ణి.

ఎన్నికలయ్యాయి, ప్రభుత్వం మారింది. పాతవాళ్ళు అనర్హులకి పంచిపెట్టారని కొత్తవాళ్ళు తనిఖీలు మొదలెట్టారు. ముసలాళ్ళ నోటి దగ్గర కూడు తీసేస్తున్నారని పాతవాళ్ళు రోడ్డెక్కారు. ఎవరి కండువా వాళ్ళు సర్దుకున్నారు, గుండెదడ మాత్రం ముసలాళ్ళకి. తనిఖీ రోజు పొద్దున్నే మా వీధిలో అటకల మీది పాత కిరసనాయిలు స్టవ్వులన్నీ కిందికి దిగాయి.

ట్యాబ్ పట్టుకుని వచ్చినావిడ నేరుగా పెరట్లోకి నడిచింది. అమ్మ పొయ్యి మీద అన్నం కుతకుత ఉడుకుతోంది.

"మీ అబ్బాయిగారు అన్నం పెట్టరాండీ?"

"పెడతానంటాడండీ. నేనే తిననండీ."

ఆవిడకి నమ్మకం కుదిరినట్టు లేదు. నావైపు తిరిగింది. "మీరు చెప్పండి సార్. ఈవిడ నిజంగా విడిగానే తింటున్నారా, మీతోనా?"

మాతోనేనండీ అన్న ఒక్క మాట చాలు. పెన్షన్ పోతుంది. రేకులు పీకించెయ్యొచ్చు. సాయంత్రం వచ్చేసరికి గుమ్మంలో అమ్మ ఉంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మ గరిటె పట్టుకుని నావంకే చూస్తోంది.

"ఆయ్, విడిగానేనండీ" అన్నాను.

ఆవిడ పొయ్యికీ అమ్మకీ ఫోటో తీసుకుని వెళ్ళిపోయింది. అమ్మ అన్నం వార్చడం మొదలుపెట్టింది.

"మాతోనే అంటావేమోనని గుండె దడదడలాడిపోయిందిరా."

"నీ పెన్షన్ నేనెందుకు పోగొడతానమ్మా?"

గంజంతా దిగేదాకా అమ్మ గిన్నె వంచి పట్టుకుంది. తర్వాత నావైపు చూడకుండా, "అనేస్తే బాగుండునని కూడా అనిపించింది" అంది. "నువ్వనేస్తే ఇక నా చేతుల్లో లేదు కదా. వచ్చి నీ పక్కన కూర్చునేదాన్ని."

అమ్మ పళ్ళెంలో అన్నం పెట్టుకుంటూ, "వెళ్ళు, అన్నం చల్లారిపోతుంది" అంది.

లోపలికొచ్చాను. మా ఆవిడ వడ్డించింది. కిటికీ అవతల అమ్మ అన్నం కలుపుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. నేనూ కలుపుకున్నాను.