ఇంకా మాగలేదు

చెప్పొద్దూ, ఆమెను అందరూ ఎదురుగా ‘ఎరువు పిన్నీ’ అనేవారు, చాటుగా ‘పెంట పిన్ని’ అనేవారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా కోపం వచ్చేది కాదు. పేరంటూ పెట్టారంటే పిలుస్తున్నట్టే కదా! అంతకుముందు ఆమెను ఏ పేరుతోనూ పిలిచే దిక్కే లేదు.

ఆమె బతుకులో ఎక్కువ భాగం ఒక పెద్ద హోటల్ లాండ్రీలో గడిచింది. పై అంతస్తుల్లో ఎవరెవరో వచ్చి పడుకుని పోయేవాళ్ళు. వాళ్ళ మొహాలు ఆమె ఏనాడూ చూడలేదు, వాళ్ళు నలిపిన దుప్పట్లు మాత్రం కింద గదిలోకి వచ్చి పడేవి. ఉతకడం, ఇస్త్రీ చెయ్యడం, మడత పెట్టడం. మిషన్ల హోరులో ఏం మాట్లాడినా వినపడదు కాబట్టి అక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడేవాళ్ళు కాదు. ఇంటికొస్తే అక్క ఉండేది. అక్కాచెల్లెళ్ళిద్దరికీ పెళ్ళి కాలేదు. అడగడానికి ఎవరూ రాలేదు, అంతే, దాని వెనక పెద్ద కథేం లేదు. అక్క ఒట్టి వాగుడుకాయ. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ పాలవాడి మీదా, పక్కవాటా వాళ్ళ కుక్క మీదా, అన్నిటికన్నా ఎక్కువగా చెల్లెలి మీదా ఏదో ఒకటి అంటూనే ఉండేది. “కాసేపు నోరు మూసుకోవే అక్కా, పుణ్యముంటుంది!” అని చెల్లెలు ఎన్నిసార్లు విసుక్కుందో. ఒక చలికాలం అక్క నిజంగానే నోరు మూసుకుంది. ఆ తర్వాత లాండ్రీలో కొత్త మిషన్లొచ్చి, ఈమెను ఇంటికి పంపేశారు. ఇక కొన్ని రోజులు నోరు విప్పే పనే పడేది కాదు. సాయంత్రం కూరగాయల కొట్లో “అరకిలో” అందామంటే గొంతు పెగిలేది కాదు పాపం.

ఆ పేట కమ్యూనిటీ హాల్లో నెలకో ఆదివారం ‘మట్టి సంత’ పెట్టేవారు. మందులు కొట్టని కూరగాయలు, విత్తనాలు, కుండీ మొక్కలు అమ్మేవాళ్ళు. ఒక మూల చాపలు పరిచి ఊపిరి పీల్చి వదలడం నేర్పేవారు. ఇంకో మూల డాక్టరమ్మ మైకు పట్టుకుని, మట్టి బాగుంటే తిండి బాగుంటుంది, తిండి బాగుంటే మనిషి బాగుంటాడు అని ఊదరగొట్టేది. ఈవిడ మట్టి మీద ప్రేమతో వెళ్ళలేదు లెండి. ఉచితంగా సూప్ పోస్తున్నారంటే వెళ్ళింది. సూప్ తాగుతుండగా డాక్టరమ్మ, “హాలు వెనక కంపోస్టు కుప్ప చూసుకోవడానికి ఎవరొస్తారు?” అని అడిగింది. అందరూ తమ చెప్పుల వంక చూసుకున్నారు. కుళ్ళిన తొక్కలు తిరగెయ్యడానికి ఎవరు ముందుకొస్తారు? ఈవిడ చెయ్యెత్తింది. హాలంతా ఒక్కసారి తలలు తిప్పి ఆమె వైపు చూసింది. అంతమంది ఒకేసారి ఆమెను చూడడం అదే మొదలు.

చేతికొచ్చిన పని శ్రద్ధగా చేసింది, అందులో వంక పెట్టడానికి లేదు. ఇళ్ళల్లోంచి బకెట్లలో వచ్చే తొక్కలు, తొడిమలు ఒక వరస, ఎండాకులు ఒక వరస, పైన నీళ్ళు. వారానికోసారి పారతో తిరగెయ్యడం. కుప్ప మాగిందో లేదో తెలుసుకోవడానికి ఒక ఇనపచువ్వ ఉండేది. దాన్ని కుప్ప నడిమధ్యకి గుచ్చి, కాసేపుంచి, లాగి పట్టుకుంటే కాలుతోందా, లోపల ఇంకా ఉడుకుతున్నట్టే. అప్పుడే వేస్తే మొక్కల వేళ్ళు మాడిపోతాయి. చల్లగా ఉందా, మాగినట్టు. చువ్వ గుచ్చే అధికారం పిన్నిదే. “పిన్ని చెప్పిందాకా పారెడు కూడా తియ్యకూడదు” అని అక్కడ కట్టుబాటు.

మొదటి కుప్ప మాగుతున్నన్నాళ్ళూ రోజూ ఎవరో ఒకరు వచ్చేవారు. “ఏం పిన్నీ, అయిందా?” అని ఒకరు, “మా బెండ మొక్కలు నీ పేరే కలవరిస్తున్నాయి” అని ఇంకొకరు. వచ్చినవాళ్ళు ఊరికే పోరు కదా, కాసేపు నిలబడి మోకాళ్ళ నొప్పుల గురించో, కోడళ్ళ గురించో చెప్పుకునేవాళ్ళు. పిన్ని గొంతు తెరుచుకుంది. అక్క లాగా వాగడం కూడా కొంచెం వచ్చింది. తీరా కుప్ప మాగిందని చెప్పిన ఆదివారం పొద్దున్నే సంచులతో దిగారు, నింపుకున్నారు, “నీ చేతులు చల్లగా ఉండాలి పిన్నీ” అన్నారు, పోయారు. ఇక గేటు తీసినవాళ్ళు లేరు! బకెట్లు కూడా గేటు బయటే పెట్టి పోయేవారు. ఎరువు వాళ్ళ కుండీల్లోకి పోయింది, మాటలు వాళ్ళతో పోయాయి. పిన్ని మళ్ళీ కుప్ప ఖాళీ అయిన చోట ఒంటరిగా నిలబడింది.

ఇదిగో, అప్పుడు పుట్టింది ఆ పాడు బుద్ధి.

రెండో కుప్ప మాగింది. చువ్వ చల్లగా ఉంది, ఎరువు తొలివాన వాసనేస్తోంది. పిన్ని చువ్వను తుడిచి, కుప్ప పక్కనున్న రేకు మీద ఎండలో పడేసింది. గేటు చప్పుడవగానే దాన్ని గుడ్డతో పట్టుకుని కుప్పలో అలా గుచ్చి ఇలా లాగి, “ముట్టుకు చూడండి, ఎలా కాలిపోతోందో! ఇంకా మాగలేదు, వచ్చే వారం రండి” అంది. వాళ్ళు ముట్టుకుని చెయ్యి విదిలించుకున్నారు, ఉసూరుమన్నారు, కాసేపు కబుర్లు చెప్పి వెళ్ళారు. మళ్ళీ వారం వచ్చారు. మబ్బు పట్టిన రోజున పిన్ని ప్రాణం గిలగిలలాడేది, చువ్వ కాగేదెట్లా అని. నవ్వుకోకండి. మాట కోసం మొహం వాచిన మనిషి ఏ పనైనా చేస్తుంది.

అందరిలోకీ ఆమె ఎదురుచూసేది డ్రాయింగు మాస్టారి కోసం. బడి నుంచి రిటైరైన మనిషి, భార్య పోయింది, పిల్లల్లేరు. ఈమెకంటే వయసులో ఎంతో పెద్ద, అయినా ఆయనా పిన్నీ అనే పిలిచేవాడు. డాబా మీద పెద్ద తొట్టిలో ఒక నిమ్మ మొక్క ఉండేది, భార్య నాటింది. అందులో మట్టి చచ్చిపోయింది, ఆకులు పసుపెక్కాయి.

“పోనీ, షాపులో బస్తా కొని వెయ్యనా పిన్నీ?” అన్నాడొకసారి.

“అయ్యో, ఆ పని మాత్రం చెయ్యకండి మాస్టారూ! అది మాగిందో లేదో ఎవరికి తెలుసు? వేళ్ళు మాడిపోతాయి. నేను చెప్పేదాకా ఆగండి.”

“సరే, నువ్వు చెప్పేదాకా ముట్టను” అన్నాడు. ఆయన తిరగేసిన బకెట్ మీద కూర్చునేవాడు. బళ్ళో పిల్లలు తన బొమ్మే మీసాలు పెట్టి గీసిన సంగతులు చెప్పేవాడు. ఆయన వెళ్ళాక పిన్ని ఆ సంగతులే తలుచుకుని కుప్ప తిరగేస్తూ నవ్వుకునేది.

నాటే కాలం వచ్చింది. వీధి చివర టైలరు వదిన ఒకరోజు నడుం మీద చేతులేసుకుని నిలబడింది. “ఏం పిన్నీ, నీ కుప్పకి పెళ్ళీడు ఎప్పుడొస్తుంది? మా మొలకలు ముసలివైపోతున్నాయి.”

“ఇంకొక్క వారం వదినా.”

“నీ వారాలకి దండం. మేం నలుగురం కలిసి షాపు నుంచి బస్తాలు తెప్పించుకున్నాం. ఏమనుకోకు.”

ఆ వారం ఇద్దరే వచ్చారు. పై వారం మాస్టారొక్కడే. ఆకులు రాలుతున్నాయని మాత్రం చెప్పి, కబుర్లేమీ లేకుండానే వెళ్ళాడు. ఆయన వెళ్తుంటే “మాస్టారూ, ఆగండి” అందామని నోటిదాకా వచ్చింది. అంటే ఏమవుతుంది? సంచీ నింపుకుంటాడు, ఇక రాడు. మింగేసింది. ఆ పై వారం ఆయన కూడా రాలేదు. పిన్ని రేకు మీద చువ్వ పెట్టుకుని, సాయంత్రం దాకా గేటు వైపు చూస్తూ కూర్చుంది. ఎవరి కోసమైతే అబద్ధమాడిందో వాళ్ళే లేకపోతే, ఇక ఆ అబద్ధం ఎవరికి చెప్పుకోవాలి?

మట్టి సంత రోజున డాక్టరమ్మ చేతిలోంచి మైకు తీసుకుని, “ఎరువు మాగింది. అందరూ రండి” అంది. చప్పట్లు కొట్టారు. ఎవరూ లేవలేదు. “వచ్చే కాలానికి తీసుకుంటాంలే పిన్నీ” అని ఎవరో మర్యాదగా అన్నారు. హాలు వెనక్కి వచ్చి కుప్ప పక్కన నిలబడింది. లోపల జనం నవ్వులు, ప్లేట్ల చప్పుడు వినిపిస్తున్నాయి.

అప్పుడొచ్చాడు మాస్టారు, చంకలో సంచీతో.

“చెప్పావని విని వచ్చాను” అన్నాడు.

పిన్నికి ప్రాణం లేచొచ్చింది. “రండి రండి! మీ నిమ్మ ఎలా ఉంది?”

“అది పోయింది పిన్నీ, పోయిన వారమే. కొమ్మ విరిస్తే పుటుక్కుమంది.” ఆయన సంచీ మడత విప్పి మళ్ళీ పెట్టాడు. “నువ్వు చెప్పాకే వేస్తానన్నాను కదా, అందుకని వచ్చాను. ఎరువు వేసినా బతికేది కాదేమోలే. వేళ్ళు మాడకుండా అయితే ఉన్నాయి, అదొక తృప్తి.”

ఆ తృప్తి అన్న మాటే ఆమెను పొడిచింది. ఊరంతా ఆమె మాట కాదని బస్తాలు కొనుక్కున్నారు, వాళ్ళ మొక్కలు శుభ్రంగా ఉన్నాయి. నమ్మినవాడు ఒక్కడే, పోగొట్టుకున్నవాడూ ఒక్కడే. ఇంకో అబద్ధం నాలిక చివర సిద్ధంగానే ఉంది, కానీ నోరు రాలేదు.

“మాస్టారూ, ఇది ఎప్పుడో మాగింది” అంది. “చువ్వ నేనే ఎండలో కాల్చేదాన్ని. మాగిందంటే మీరంతా రావడం మానేస్తారని. నాకు మాట్లాడేవాళ్ళు లేరు మాస్టారూ.”

ఆయన వంగి కుప్పలోంచి పిడికెడు ఎరువు తీసి, వేళ్ళ మధ్య నలిపి వదిలేశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

“నేను ఎరువు కోసమే వస్తున్నాననుకున్నావా?” అన్నాడు. “ఎరువు మాగిందో లేదో అడగడానికి ప్రతి వారం ఎవరైనా గడ్డం గీసుకుని వస్తారా పిన్నీ? నా ఇంట్లో మాత్రం ఎవరున్నారు?”

పిన్ని ఆయన కూర్చునే బకెట్‌ను తిరగేసి ముందుకు జరిపింది.

“ఆవిడ చేత్తో నాటింది అదొక్కటే మిగిలింది. ఆకు రాలినప్పుడల్లా వచ్చి నీకే చెప్పుకున్నాను కదమ్మా” అని, ఖాళీ సంచీ చంకలో పెట్టుకుని గేటు వైపు నడిచాడు.

ఆమె రెండడుగులు వెనకే వెళ్ళింది. అంత బతుకులో ఎవరినీ అడగని మాట గొంతు చించుకుని బయటికొచ్చింది. “వచ్చే ఆదివారం రండి మాస్టారూ! ఎరువుకి కాదు, ఊరికే రండి!”

మాస్టారు గేటు గడియ తీస్తూ ఆగాడు.

“ఇప్పుడు కాదు పిన్నీ,” అన్నాడు వెనక్కి తిరగకుండానే, “ఇప్పుడు నా వల్ల కాదు.”