అమ్మవారు పెంబర్తికి వెళ్లిన రెండు రోజులు

నా చిన్నప్పటికే మా వైభవం సగం తరిగిపోయినా, లింగాల ఘనపూర్ దగ్గరి మా ఊళ్లో మా ఇంటిని గడి, అంటే దొరల కోట, అనే పిలిచేవారు. మా ముత్తాత ఏడూళ్లకు దేశ్‌ముఖ్. ఆయన వచ్చి కూర్చుంటే తప్ప ఏ ఊళ్లోనూ పంచాయితీ మొదలయ్యేది కాదట. మా తాతయ్య మాలీ పటేల్. శిస్తు కాగితాల మీద ఆయన సంతకం కోసం జనం పొద్దున్నే మా అరుగు కింద నిలబడేవారు. గొప్పలు చెప్పుకోవడానికి ఇదంతా రాయడం లేదు. మేమెవరమో చెప్పకపోతే ఆ రోజు నేను నేర్చుకున్నదేమిటో అర్థం కాదు.

మా వీధి గుమ్మం పైన ఒక గూడు ఉండేది. అందులో జానెడు ఎత్తు ఇత్తడి అమ్మవారు. గడి ముందు నుంచి వెళ్లేవాళ్లెవరైనా చెప్పులు విప్పి చేత పట్టుకుని, గోడ చివర దాటాకే మళ్లీ తొడుక్కునేవారు. అది అమ్మవారి మీద భక్తి అని పెద్దవాళ్లు చెప్పారు, నేను నమ్మాను. నాకు తొమ్మిదేళ్ల వయసులో మా ఊరికి డేరా టాకీసు వచ్చింది. అక్కడ చూసిన ఒక భక్తి సినిమాలో, చెప్పులతో గుడి మెట్లెక్కినవాడికి రెండు కళ్లూ పోయాయి. ఇక నా నమ్మకానికి తిరుగులేకుండా పోయింది.

మా తరగతిలో ఒక నేతగాని కూతురు ఉండేది. లెక్కల్లో నాకంటే చురుకు. ఎండాకాలం మొదట్లో ఆ పిల్ల పాదంలో మేకు దిగింది. జనగామ దవాఖానలో కట్టు కట్టి, పుండు మానేదాకా చెప్పులు లేకుండా నడవొద్దన్నారు. వాళ్ల నాయిన టైరు చెప్పులు కుట్టించాడు. మొదటి రోజు బడి విడిచాక ఆమె వాటిని విప్పకుండానే, కుంటుకుంటూ మా గుమ్మం ముందు రెండడుగులు వేసింది. ఆపింది నేనే.

"విప్పు. అమ్మవారు కండ్లు తీసేస్తది. నేను సినిమాల చూసిన."

ఆమె విప్పింది. గడి ముందు పరిచిన నల్లబండలు పెనంలా కాలుతున్నాయి. కట్టు కట్టిన కాలి మడమ మాత్రమే ఆనిస్తూ దాటింది. ఐదారు రోజులు అలాగే దాటింది, తరువాత బడికి రావడం మానేసింది. పుండు చీము పట్టి జ్వరం వచ్చిందని తెలిసింది. ఆ మొదటి రోజు చెప్పులతో వేసిన రెండడుగులకే అమ్మవారు ఈ శిక్ష వేసిందని నేను మా మేనత్తకు వివరంగా చెప్పాను.

మేనత్త హనుమకొండలో పంతులమ్మ చదువు చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చి ఉంది. నా మాట విని కోప్పడలేదు. నా తల మీద చేయి వేసి నిమిరింది. మర్నాడు పొద్దున వీధిలో నిచ్చెన వేయించి, అందరూ చూస్తుండగా అమ్మవారిని కిందికి దించింది. విగ్రహం మసిబారిందని, మెరుగు పెట్టించాలని చెప్పి మా బండి తోలే ముసలాయనతో పెంబర్తిలో ఇత్తడి పని చేసే కంచరుల దగ్గరికి రెండు రోజులకని పంపింది. తరువాత నన్ను పిలిచి, ఆ రెండు రోజులూ అరుగు మీద కూర్చుని ఎవరు చెప్పులు విప్పుతారో చూడమంది.

ఎవరూ విప్పరనుకున్నాను. అందరూ విప్పారు. ఖాళీ గూటి వైపు ఎవరూ చూడనైనా చూడలేదు. వాళ్ల చూపంతా వసారాలో పడక కుర్చీలో కూర్చున్న మా తాతయ్య మీదే. రెండో రోజు తాతయ్య భోజనానికి లోపలికి వెళ్లాడు. కుర్చీ కూడా ఖాళీ అయింది. అప్పుడు అటుగా వచ్చిన బండి ముసలాయన కూడా వంగి చెప్పులు విప్పుకున్నాడు. అమ్మవారిని పెంబర్తిలో దింపి వచ్చింది ఆయనే కదా, మరెందుకని అడిగాను.

ఆయన నవ్వాడు. చెప్పులు చంకలో పెట్టుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"మా నాయిన ఒక్కసారి ఇప్పలేదు, బిడ్డా. గప్పటి సంది నేను ఇప్పుతున్న."

మిగతాది మేనత్త చెప్పింది. మా ముత్తాత ఆ ముసలాయన తండ్రిని, నెత్తిన చెప్పులు పెట్టి, పొద్దుగూకేదాకా ఆ బండల మీదే నిలబెట్టాడట. కోడలిగా వచ్చిన నానమ్మ ఆ ఆచారాన్ని మాన్పించలేకపోయింది. మనిషికి వంగుతున్నామన్న బాధైనా జనానికి ఉండకూడదని ఆ గూడు కట్టించి, అమ్మవారిని నిలిపింది. నానమ్మ దయతో అల్లిన మాట నా దగ్గరికి వచ్చేసరికి సత్యమైపోయింది. సినిమా దానికి ముద్ర వేసింది. దాన్ని పట్టుకుని నేను ఒక పిల్ల పాదాన్ని కాల్చాను.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. మగ్గం పక్కన చాప మీద పడుకుని ఉంది. కండ్లు పోవని, ఇక మా గుమ్మం ముందు చెప్పులు విప్పొద్దని, తప్పు నాదేనని చెప్పాను.

"మరి సినిమాల పోయినయంటివి గద?" అంది.

"గది సినిమా," అన్నాను.

వాళ్లమ్మ మాత్రం, దొర చూస్తే ఎట్ల అని భయపడింది. పుండు కాస్త తగ్గి ఆ పిల్ల బడికి వచ్చిన రోజు, నేను చెప్పులు తొడుక్కుని ఆమె పక్కనే నడిచాను. గడి ముందుకు రాగానే ఆమె ఆగింది. నేను చేయి పట్టుకున్నాను. తాతయ్య కుర్చీలోంచి ముందుకు వంగి ఆ పిల్ల కాలి కట్టు వైపు చూశాడు. నేను ఆమె చేయి వదల్లేదు.

"కాలుకేమైంది, బిడ్డా?" అని అడిగాడు.

"మేకు దిగింది, దొరా."

తాతయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. మేం దాటిపోయాం. మర్నాటి నుంచి ఆయన పడక కుర్చీని లోపలి వాకిట్లో వేయించుకున్నాడు. తప్పయిందని చెప్పడం మా ఇంటి మగవాళ్లకు చేతకాదు. ఆయనకు చేతనైనది అదే.

ఇప్పుడు మహబూబాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. పొద్దున లేస్తే ఫోనులో ఎవరో ఒకరు వీడియో పంపుతారు. ఫలానా మతంవాళ్లు ఇలాంటివాళ్లని, ఫలానాది చేయకపోతే కీడు జరుగుతుందని. నిజం చెప్పాలంటే నాకూ నమ్మబుద్ధవుతుంది. అప్పుడు చాప మీద ఆ పిల్ల చాపుకున్న పాదం కళ్ల ముందుకు వస్తుంది. ఇది నేను చూసిందా, నాకు ఎవరో చూపించిందా అని ఆగి అడుగుతాను. నమ్మితే ఎవరి కాలు కాలుతుందో కూడా అడుగుతాను. వంశం మీద గర్వం మాత్రం పోలేదు. ఎవరైనా ఒట్టి పేరు పెట్టి పిలిస్తే ఇప్పటికీ మెడ బిగుసుకుంటుంది. అది కూడా నాకు ఎవరో నేర్పిందేనని తెలుసు.

గడిని నా యాభయ్యో ఏట అమ్మేశాను. కొన్నవాళ్లు దాన్ని విప్పి, టేకు దూలాలను రెండు లారీల్లో జనగామకు తీసుకెళ్లారు.