నాలుగు సాంచాలు, నాలుగు చరణాలు

వెలుగును కలుగజేసి, దాన్ని లెక్క చూడకుండా మన కళ్లకు పంచిపెట్టిన ప్రభువుకు స్తోత్రం. ఒంటరి గదిలో కూడా తోడుండే ఆయన నామానికి మహిమ.

మొన్న మా ఇంటి మీటరు చూడడానికి వచ్చిన మనిషి బటన్ నొక్కి, యూనిట్ల తర్వాత వచ్చిన ఇంకో అంకె చూసి నవ్వాడు. “తాతా, గిది నీ డిమాండు, అంటె ఒక్క క్షణంల ఎక్కువల ఎక్కువ గుంజిన కరెంటు. నెల మొత్తంల ఒక్క ఫ్యాను, ఒక్క లైటు కంటె ఎక్కువ ఒక్కసారి పెట్టనే లేవు గదా!” అన్నాడు. ఆ మాట విన్నాక, సిరిసిల్లలో మా పాత వీధి మనసులోకి వచ్చి కూర్చుంది.

పవర్‌లూమ్‌లను మావైపు సాంచాలంటారు. మా ఇంట్లో నాలుగుండేవి. మేము బాపు అని పిలిచే నాన్న, అవ్వ అని పిలిచే అమ్మ, అన్న, నేను వంతులు వేసుకుని రాత్రింబగళ్లు నడిపేవాళ్లం. వీధి మొత్తంలో చర్చికి వెళ్లే ఇల్లు మాదొక్కటే కాబట్టి, శనివారం పొద్దుగూకాక ఆగిన మా సాంచాలు సోమవారం తెల్లవారితేగానీ కదిలేవి కావు. సోమవారం కుటుంబ ప్రార్థన చేసి, నలుగురం తలా ఒక స్విచ్చు మీద చెయ్యి పెట్టి, బాపు ఆమేన్ అనగానే అన్నీ ఒకేసారి వేసేవాళ్లం. అది మాకు ఆరాధనలో భాగమే. మరుక్షణం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు ఠప్పుమనేది, వీధిలోని సాంచాలన్నీ నిలిచిపోయేవి.

కొన్ని వారాలు ఓర్చుకున్న వీధివాళ్లు ఒకరోజు మా వాకిట్లోకి వచ్చారు. “నీ ఆదివారం మా సోమవారాన్ని తింటున్నదే! నువ్వు గూడ ఆదివారం నడుపు, లేకుంటె నీ వైరు తీపిస్తం,” అన్నారు. ఆదివారం వదిలితే దేవునికి దూరం, వైరు పోతే మాకు కూడు దూరం. “మా యూనిట్లు మీ అందరికంటె తక్కువనే గదా, ఫ్యూజు మా తోని ఎట్ల వోతది?” అని బాపు అడిగాడు.

ఫ్యూజు వేయడానికి వచ్చి అక్కడే ఉన్న లైన్‌మన్ విప్పి చెప్పాడు. “యూనిట్లు నెల లెక్క కాకా. ఫ్యూజుకు నెల ఎరుక లేదు, గీ క్షణం ఎంత గుంజుతున్నరో గదే జూస్తది.” వంద వాట్ల బల్బు ఒక్కటి పది గంటలు వెలిగినా, పది బల్బులు కలిసి ఒక్క గంట వెలిగినా అయ్యేది ఒకే యూనిట్, కానీ తీగ మీద పడే బరువు పదింతలు. అందులోనూ ఆగి ఉన్న సాంచను కదిలించేటప్పుడు మోటారు మరీ ఎక్కువ గుంజుతుంది.

అందరూ గొణుగుతుంటే పక్కింటి పెద్దమ్మ ముందుకొచ్చింది. “ఆయన దేవుని దినం ఆయనకుండనియ్యుండ్రి. తమ్మీ, ఒక్కొక్కటి నడుపు. గంతసేపు నా రెండు సాంచాలు నేను ఆపుకుంట.”

అట్లా మా ఆదివారం మాకు దక్కింది. ఆ తర్వాత ప్రతి సోమవారం బాపు ఒక సాంచ నడిపి ఒక చరణం పాడేవాడు, అది కుదుటపడ్డాక ఇంకొకటి, మరో చరణం. పాట ముగిస్తేనే పెద్దమ్మ సాంచాలు మొదలయ్యేవి. బాపు తన్మయత్వంలో పల్లవి మళ్లీ ఎత్తుకుంటే గోడ అవతలి నుంచి కేక వచ్చేది: “ఓ తమ్మీ, మీ దేవునికి ఇనవడ్డది గని, జర ఆపు!” బాపు నవ్వుతూ ఆపేవాడు.

బాపు, అవ్వ, అన్న ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు, పెద్దమ్మ కూడా లేదు. ఇప్పుడు ఆ వీధికి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉందట, ఎవరి సాంచ వాళ్లు ఎప్పుడైనా నడుపుకోవచ్చట. మంచిదే. నేనూ సోమవారం పొద్దున్నే ఆ కీర్తన పాడుకుంటాను, పల్లవి ఎన్నిసార్లు ఎత్తుకున్నా ఆపమనేవాళ్లు లేరు.

నా వయసువాళ్లైన మీరు ఒక్క నిమిషం నాతో తల వంచండి. ప్రభువా, మా పాట ముగిసేదాకా తన పని ఆపుకున్న ఆ తల్లిని జ్ఞాపకం చేసుకో. ఈ రోజు మేము ఎవరి కోసం ఆగాలో మాకు చూపించు.