ఒంటబట్టని అన్నం

ఎనిమిదో తరగతిలో ఉండగా నాకు తీరని ఆకలి పట్టుకుంది. మాది కోరుట్ల. అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. నాన్న సిరిసిల్లలో సాంచల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేస్తూ వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. కంచం నిండా తిన్నా ఇంకా పెట్టమనేదాన్ని. కుండలో నీళ్లు నా దాహానికే సరిపోయేవి కావు. అయినా గౌను భుజాల మీద నిలవనంతగా చిక్కిపోయాను.

"ఎంత తిన్నా ఒంటబడుతలేదు, దీనికేమైందో," అని అమ్మ పక్కింటి అత్తతో చెప్పుకుని బాధపడేది. దిష్టి తీసింది. కొండగట్టు గుడికి తీసుకుపోయి మొక్కింది.

అన్నలు, అంటే నక్సలైట్లు, బందుకు పిలుపిచ్చిన రోజు పొద్దున నాకు వాంతులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి పరుగెత్తి వచ్చినదానిలా రొప్పుతున్నాను. మా వాడకట్టులో వైద్యం చేసే ఆయన చూసి, వెంటనే జగిత్యాల తీసుకుపొమ్మన్నాడు. బస్సులు లేవు. పక్కింటి మామకు ట్రాక్టరుంది కానీ, బందునాడు రోడ్డెక్కిన బండిని తగలబెట్టేవాళ్లు. ఆయన వాకిట్లో నిలబడి తటపటాయిస్తుంటే అత్తే అంది:

"పిల్ల పాణం పోతాంది. బండి పోతే ఇంకోటి కొనుక్కుందాం. తియ్యి."

ఆ తర్వాతిది నాకు మసకగానే గుర్తు. అమ్మ చెప్పగా తెలిసిందే ఎక్కువ. సగం దారిలో రోడ్డుకు అడ్డంగా చెట్టు కొట్టి పడేసి ఉంది. మామ ట్రాక్టరు అక్కడే వదిలి, నన్ను ఎత్తుకుని కొమ్మల మీంచి దాటించాడు. అవతల నడక మొదలుపెట్టేసరికి చెట్టు తీయించడానికి పోలీసు జీపు వచ్చింది.

"ఎవలు మీరు? ఏం దెబ్బ తాకింది?" అని అందులోని ఎస్సై గద్దించాడు.

"దెబ్బ గాదు సారూ, నా బిడ్డ. కక్కుతాంది, కండ్లు తెరుస్తలేదు," అంది అమ్మ.

ఆయన నా ముఖం చూసి, "ఎక్కుండ్రి," అన్నాడు.

అమ్మ ఒక్క క్షణం మామ వైపు చూసింది. పోలీసు జీపు ఎక్కినవాళ్లకు ఇన్‌ఫార్మర్లని పేరు పడితే అన్నల చేతుల్లో ఏమయ్యేదో ఆ రోజుల్లో అందరికీ తెలుసు. అయినా ఎక్కింది.

జగిత్యాలలో డాక్టరు నా మీదికి వంగి, శ్వాసలో మాగిన పండ్ల వాసన పసిగట్టాడట. అంతే, సెలైను, ఇన్సులిన్ మొదలుపెట్టాడు. నేను కళ్లు తెరిచేసరికి బస్సులు తిరుగుతున్నాయి, నాన్న మంచం పక్కన ఉన్నాడు. డాక్టరు అమ్మానాన్నలను కూర్చోబెట్టి చెప్పాడు:

"తిన్న అన్నం చక్కెరై నెత్తుట్లకు పోతది. ఆడికెళ్లి ఒంట్లున్న కణాలల్లకు పోవాలంటే ఇన్సులిన్ గావాలె. గది ఈమెకు తయారైతలేదు. నెత్తుట్ల చక్కెర నిండుగున్నా కణాలకు ఆకలే. గందుకే ఒళ్లు తన కొవ్వును తనే కరిగించుకుంది. గట్ల కరిగితే పుట్టిన ఆమ్లాలు నెత్తుట్ల పేరుకునే ఇంత దూరం తెచ్చినయి."

"సూది ఎన్ని దినాలియ్యాలె సారూ?" అన్నాడు నాన్న.

"బతికినన్ని దినాలు."

నాన్న తల దించుకున్నాడు. అమ్మ మాత్రం, "బతుకుతది గదా, సాలు," అంది.

ఆసుపత్రిలో నర్సు అమ్మకు వంకాయ మీద సూది వేయడం నేర్పింది. ఆకు చిరగకుండా బీడీ చుట్టే వేళ్లు అవి. నాకు నొప్పి తెలిసేది కాదు. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. మందుల దుకాణం ఆయన మా ఇన్సులిన్ సీసాలు తన ఫ్రిజ్‌లో ఉంచేవాడు. వాడుతున్నది మాత్రం తడి ఇసుకలో పెట్టిన చిన్న కుండలో ఉండేది.

నేను కోలుకున్నాక ఒక సాయంత్రం ముఖం తెలియని యువకుడు మా గడపలోకి వచ్చాడు.

"జీపెందుకెక్కినవక్కా?" అన్నాడు.

"నా బిడ్డ సస్తుంటే ఎవ్వల బండని సూస్తనా తమ్మీ?" అంది అమ్మ.

అతను అన్నం తింటున్న నన్ను చూశాడు. "ఇప్పుడు మంచిగున్నదా?" అని అడిగి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. మళ్లీ ఎవరూ రాలేదు. అమ్మ ఆ తర్వాత చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చుంది.

నేను జగిత్యాలలోనే జువాలజీ లెక్చరర్‌నయ్యాను. కణం తనకు శక్తినిచ్చే ఏటీపీని మూట కట్టి దాచుకోదని, తయారుచేసుకుంటూనే ఖర్చుపెడుతుందని, ఒళ్లు దాచుకునేది కాలేయంలో గ్లైకోజెన్‌గా కొంత, కొవ్వుగా ఎక్కువ అని ప్రతి ఏడూ చెబుతాను. ఆ పాఠం ఎప్పుడూ తొందరగా ముగించలేను. నా ఒంటి నిల్వలన్నీ అయిపోవస్తున్నప్పుడు, తమ బండినీ, తమ భయాన్నీ పక్కన పెట్టి నన్ను మోసినవాళ్లు ఉన్నారు. ఆ ఎస్సై ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. గుర్తొచ్చినప్పుడల్లా మనసులోనే దండం పెట్టుకుంటాను.

ఇప్పుడు సూది నేనే వేసుకుంటాను. అమ్మ ఫోన్ చేస్తే, "తిన్నవా?" అని ముందు అడగదు. "సూది ఏసుకున్నవా బిడ్డా?" అంటుంది. ఏసుకున్నానని చెప్పాకే, "ఇగ తిను," అంటుంది.