అక్క గది తలుపు

మొన్న ఇంటికి రంగులు వేయిస్తూ మా కోడలు, "అత్తా, ఈ నడిమింటి తలుపు పైమూల ఎవురో కొరికినట్లుండాది, ఎలుకలా?" అని అడిగింది. ఎలుకలు కాదు, మీ మామ అన్నాను. ఆ పిల్ల పడీపడీ నవ్వింది. నేనూ నవ్వబోయి, ఎందుకో చేతకాక వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆ తలుపు మా అక్క కోసం పెట్టించింది. అమ్మ తొందరగా పోతే నన్ను పెంచింది అక్కే. నందికొట్కూరులో కిరాణా కొట్టున్న పెద్ద కుటుంబానికి కోడలిగా వెళ్లింది. ముందర కొట్టు, వెనక ఇల్లు, ఇంటినిండా జనం. అందరికీ పక్కలు పరిచి, చివరికి బెల్లం దిమ్మెల పక్కన మిగిలిన చోట తను చాప వేసుకునేది. చీమలకు తనమీద ఉన్న ప్రేమ బావకు లేదని చెప్పి నన్ను నవ్వించేది. అక్క కంటతడి పెట్టగా నేనెప్పుడూ చూడలేదు. బావ పోయిన రోజు కూడా, ఏడవడానికి వచ్చినవాళ్లకు కాఫీలు కలుపుతూ కనిపించింది.

క్యాన్సర్ ముదిరింది, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పాక, అక్కను కర్నూలులో మా ఇంటికే తెచ్చుకున్నాను. ఏం కావాలక్కా అని అడిగితే, "తలుపుండే రూము ఒకటియ్యి మే. యాడా నాకట్లాంటిది ల్యాకపాయ" అంది.

మా నడిమింటికి అప్పటిదాకా పరదానే. వేపచెక్క తలుపు చేయించాం. వడ్రంగి దాన్ని బిగించి, పత్తికొండలో పనుందని వెళ్లిపోయాడు. తీరా మూయబోతే పైమూల ద్వారబంధానికి తగిలి ఆగిపోయింది. మా ఆయన మేకు కూడా తిన్నగా కొట్టిన మనిషి కాదు. ఎక్కడినుంచో చిత్రిక తెచ్చి మూల గీకారు. అయినా తగులుతూనే ఉంది. ఇంకా గీకారు. అక్క మంచం మీద దిండుకు ఆనుకుని, "ఏమప్పా, కిటికీ చేస్తాండావా?" అంది. ఆయన ఉడుక్కోలేదు. తలుపును ఇటూ అటూ కదిపి చూస్తే అప్పుడు తెలిసింది, పై బందు ద్వారబంధం నుంచి ఊడివస్తోందని, అందుకే తలుపు వాలుతోందని. స్క్రూలు మరీ పొట్టివి. బందు విప్పి, అది కూర్చునే చోటు ఉలితో కాస్త లోతు చేసి, పొడవాటి స్క్రూలు బిగించారు. తలుపు పైకి లేచింది. గడియ మెత్తగా పడింది.

అక్క గోడ పట్టుకుని లేచి వచ్చింది. "మీరు బయటుండండి" అని తలుపు మూసి గడియ పెట్టుకుంది. బాగుందంటుందేమోనని మేమిద్దరం అక్కడే నిలబడ్డాం. లోపలినుంచి ఏడుపు వినబడింది. అమ్మా, అమ్మా అంటూ, చిన్నపిల్ల గొంతెత్తి ఏడ్చినట్టు. నేను తలుపు తట్టబోతే మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "ఏడ్వనీ" అన్నారు. ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి.

చాలాసేపటికి గడియ తీసింది. ముఖం తుడుచుకుని, "శానా బాగుండాదప్పా" అంది ఆయనతో. నావైపు తిరిగి, "అన్నం కలిపి పెట్టు మే, ఆకలైతాంది" అంది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం కాసేపు గడియ పెట్టుకునేది. నేను వంటింట్లో కుళాయి తిప్పి, వినబడనట్టు గిన్నెలు తోముకునేదాన్ని. లేవలేని రోజులు వచ్చాక, "రోంత తలుపెయ్యి మే" అని నన్నే అడిగేది. వేసి, ఇవతల నేలమీద కూర్చునేదాన్ని. వానలు మొదలుకాక ముందే వెళ్లిపోయింది.

అక్క పోయిన వయసును నేనెప్పుడో దాటేశాను. ఇప్పుడు తలుచుకుంటే నాకంటే చిన్నదానిలా కనబడుతుంది. దగ్గరికి తీసుకుని తల నిమురుదామంటే, కాలం ఆమెను అక్కడే ఆపేసి నన్ను మాత్రం ఇంత దూరం నడిపించుకొచ్చేసింది.